విదేశాల్లో బండి నడపాలంటే: మనవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

డల్లాస్‌లో కొడుకు దగ్గరికి వెళ్ళే తండ్రి, బర్మింగ్‌హామ్‌లో ఎమ్మెస్సీ సీటు వచ్చిన అమ్మాయి, కువైట్‌కు హౌస్ డ్రైవర్‌గా వెళ్ళే కడప కుర్రాడు... అందరూ మొదట అడిగేది ఒక్కటే: మన లైసెన్సు అక్కడ చెల్లుతుందా? ఏ దేశం అన్నదానికంటే ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఇంకొకటుంది. మీరు చుట్టపుచూపుగా వెళ్తున్నారా, కాపురానికి వెళ్తున్నారా? చాలా దేశాల చట్టాలు ఈ ఇద్దరినీ వేర్వేరుగా చూస్తాయి. రుసుములు, గడువులు మారుతుంటాయి కాబట్టి విమానం ఎక్కే ముందు ఆ దేశపు రవాణా శాఖ వెబ్‌సైటు ఒకసారి చూసుకోండి.

ఇండియన్ లైసెన్సుతో విదేశాల్లో బండి నడపొచ్చా?

చుట్టపుచూపుగా వెళ్తే చాలా దేశాల్లో కొంతకాలం నడపొచ్చు. కొన్ని చోట్ల మన కార్డు ఒక్కటే చాలు, ఇంకొన్ని చోట్ల దానికి ఐడీపీ, అంటే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తోడు కావాలి. కాపురానికి వెళ్తే మాత్రం గడువు పెడతారు. అది కాలిఫోర్నియాలో 10 రోజులు, జర్మనీలో 6 నెలలు, బ్రిటన్‌లో 12 నెలలు. ఆ గడువు దాటాక మన కార్డుతో నడిపితే లైసెన్సు లేకుండా నడిపినట్టే. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్ళు మొదట పట్టుకునేది దాన్నే.

డిజిలాకర్‌లో ఉంది కదా అని కార్డు ఇంట్లో పెట్టి వెళ్ళకండి. ఇక్కడ ట్రాఫిక్ పోలీసుకు ఫోన్ చూపిస్తే సరిపోతుంది, ఫ్లోరెన్స్‌లో కారు అద్దెకిచ్చేవాడికి సరిపోదు.

ఐడీపీ ఎలా తీసుకోవాలి?

మీ లైసెన్సు ఏ ఆర్టీఏ పరిధిలో ఉంటే అక్కడే దరఖాస్తు చేసుకోవాలి. ఆన్‌లైన్‌లో స్లాట్ పెట్టుకుని ఫారం 4ఎ, లైసెన్సు, పాస్‌పోర్టు, వీసా కాపీలు, ఫొటోలు తీసుకెళ్ళాలి. కేంద్ర నిబంధనల ప్రకారం రుసుము 1,000 రూపాయలు, రాష్ట్రం సర్వీసు చార్జీలు దానికి అదనం. మళ్ళీ టెస్టు ఉండదు. లెర్నింగ్ లైసెన్సు మీద ఇవ్వరు.

ఇచ్చిన తేదీ నుంచి ఏడాది పాటు, లేదా అసలు లైసెన్సు గడువు అంతకుముందే ముగిస్తే అప్పటివరకే అది చెల్లుతుంది. కాబట్టి వీసా రాగానే కాకుండా ప్రయాణం దగ్గరపడ్డాక తీసుకోవడం లాభం. ఇంకో సంగతి, ఐడీపీ స్వతహాగా లైసెన్సు కాదు. మీ లైసెన్సులోని వివరాలను పలు భాషల్లో చెప్పే పుస్తకం అది. అసలు కార్డు పక్కన లేకపోతే దానికి విలువ లేదు.

ఆన్‌లైన్‌లో పదేళ్ళ ఇంటర్నేషనల్ లైసెన్సు అమ్ముతున్నారు, కొనొచ్చా?

వద్దు. ఐడీపీని మీకు లైసెన్సు ఇచ్చిన దేశమే ఇవ్వాలి. మన దగ్గర ఆ పని చేసేది రవాణా శాఖ. క్రెడిట్ కార్డుతో డబ్బు కడితే ఇంటికి పంపే రంగురంగుల కార్డులు చట్టం ముందు పనికిరావు.

మన ఐడీపీ అన్ని దేశాల్లోనూ పనిచేస్తుందా?

లేదు, ట్రావెల్ ఏజెంట్లు కూడా పొరబడేది ఇక్కడే. రోడ్డు రవాణా మీద రెండు అంతర్జాతీయ ఒప్పందాలున్నాయి: 1949 నాటి జెనీవా ఒప్పందం, 1968 నాటి వియన్నా ఒప్పందం. మన ఆర్టీఏ ఇచ్చే ఐడీపీ 1949 నమూనాది. జపాన్ ఆ నమూనానే అడుగుతుంది కాబట్టి అక్కడ మనకు ఇబ్బంది లేదు, దేశంలో దిగిన ఏడాది వరకు నడపొచ్చు. వియత్నాం 1968 నమూనానే గుర్తిస్తుంది కాబట్టి అక్కడ మనది చెల్లదు. చైనా ఏ ఐడీపీనీ ఒప్పుకోదు. శ్రీలంకలో ఐడీపీ ఉన్నా అక్కడి అధికారిక ఆమోదం కూడా తీసుకోవాలి.

హోటల్ వాడు పాస్‌పోర్టు మాత్రం చూసి బండి ఇచ్చేశాడంటే మీ కాగితాలు సరిగ్గా ఉన్నాయని కాదు. తనకు అద్దె వస్తే చాలనుకున్నాడు, అంతే.

మా అబ్బాయి అమెరికాలో ఉంటాడు. విజిటర్ వీసా మీద వెళ్ళి వాడి కారు నడపొచ్చా?

చాలా రాష్ట్రాల్లో నడపొచ్చు. అమెరికాలో డ్రైవింగ్ లైసెన్సు సంగతి రాష్ట్రాలది. ఫెడరల్ ప్రభుత్వపు లైసెన్సు అంటూ లేదు. ఉదాహరణకు కాలిఫోర్నియాలో 18 ఏళ్ళు దాటిన సందర్శకులు తమ దేశపు చెల్లుబాటయ్యే లైసెన్సుతోనే నడపొచ్చు, ఐడీపీ తప్పనిసరి కాదు. అయినా వెంట ఉంచుకోమనే చెబుతాను. ఆపిన పోలీసుకు మన కార్డు కొత్తగా కనిపించొచ్చు, అద్దె కంపెనీ వాడు అడగొచ్చు.

అసలు చిక్కు ఇన్సూరెన్సుతో వస్తుంది. అబ్బాయి పాలసీలో మీ పేరు లేకపోతే, అప్పుడప్పుడూ నడిపేవారికి అది వర్తిస్తుందో లేదో కంపెనీకి ఫోన్ చేసి కనుక్కోమనండి. నెలల తరబడి అదే ఇంట్లో ఉండేవారి పేరు పాలసీలో చేర్చాలని చాలా కంపెనీలు అంటాయి. చిన్న గుద్దుడుకు కూడా అక్కడ ఆస్పత్రి బిల్లు ఎంత వస్తుందో మనవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

చదువుకో ఉద్యోగానికో వెళ్తే?

అక్కడ నివాసం ఏర్పరచుకున్నాక కాలిఫోర్నియాలో 10 రోజుల్లో, న్యూజెర్సీలో 60 రోజుల్లో, టెక్సాస్‌లో 90 రోజుల్లో రాష్ట్ర లైసెన్సు తీసుకోవాలి. కాలిఫోర్నియా ఫ్రీమాంట్‌లో ఉన్న అన్నయ్య చెప్పింది టెక్సాస్ ఫ్రిస్కోలో ఉన్న తమ్ముడికి వర్తించదని దీన్నిబట్టే తెలుస్తోంది కదా. లైసెన్సు గడువు మీ వీసా కాగితాల గడువుతో ముడిపడి ఉంటుంది. ఐ-94, అంటే అక్కడ ఎన్నాళ్ళు ఉండొచ్చో చెప్పే కాగితం, పొడిగించినప్పుడల్లా లైసెన్సు కూడా చూసుకోవాలి.

ఎడిసన్ వైపు వెళ్ళేవారికి ఓ మాట. న్యూజెర్సీలో కొన్ని పెద్ద రోడ్ల మీద ఎడమకు తిరగాలంటే కుడివైపు దారిలోకి దిగి చుట్టి రావాలి. దాన్ని జగ్‌హ్యాండిల్ అంటారు. పెట్రోలు కూడా మీరు పట్టుకోకూడదు, బంకులో మనిషే పడతాడు. ఈ ఒక్క విషయంలో మన ఊళ్ళో ఉన్నట్టే ఉంటుంది.

అమెరికాలో మనవాళ్ళు ఎక్కువగా తడబడేది ఎక్కడ?

అందరూ రోడ్డుకు కుడివైపు నడపడం గురించి భయపడతారు. అది త్వరగానే అలవాటవుతుంది. అలవాటు కానిది 'ముందు ఎవరు వెళ్ళాలి' అన్నది. మన దగ్గర ఎవరి బంపరు ముందు దూరితే వారిది దారి. అక్కడ ప్రతి కూడలిలో ఇది రాసిపెట్టి ఉంటుంది, ఎదుటివాడు మీరు దాన్ని పాటిస్తారని నమ్మి బండి కదిలిస్తాడు.

నాలుగు వైపులా స్టాప్ బోర్డులున్న కూడలి తీసుకోండి. సిగ్నలూ లేదు, పోలీసూ లేడు. వచ్చిన ప్రతి బండీ గీత ముందు పూర్తిగా ఆగాలి. పూర్తిగా అంటే చక్రం కదలకూడదు. రెండో గేరులో పాకుతూ వెళ్తే ఆగినట్టు కాదు. ముందు వచ్చి ఆగినవాడు ముందు వెళ్తాడు. ఇద్దరూ ఒకేసారి వస్తే కుడిచేతి వైపున్న బండికి దారి. మీ వంతు వచ్చినా మర్యాద కోసం చెయ్యి ఊపి ఎదుటివాణ్ణి పొమ్మంటే అక్కడ మర్యాద కాదు, నలుగురూ అయోమయంలో పడతారు.

ఎర్ర లైటు ఉన్నా చాలా చోట్ల పూర్తిగా ఆగి చూసుకుని కుడికి తిరగొచ్చు, వద్దని బోర్డు ఉంటే తప్ప. న్యూయార్క్ నగరంలో ఇది తలకిందులు. తిరగొచ్చని బోర్డు ఉంటేనే తిరగాలి.

పసుపు రంగు స్కూలు బస్సు ఎర్ర లైట్లు మిణుకుమనిపిస్తూ, పక్కనుంచి స్టాప్ పలక చాచి ఆగిందంటే వెనకున్న బండ్లే కాదు, మధ్యలో డివైడర్ లేని రోడ్డయితే ఎదురుగా వచ్చేవీ ఆగాలి. పిల్లలు రోడ్డు దాటతారు కాబట్టి. ఖాళీగా ఉంది కదా అని పక్కనుంచి దూసుకెళ్తే జరిమానాతో పోదు, లైసెన్సు మీద పాయింట్లు పడతాయి, ఇన్సూరెన్సు ప్రీమియం పెరుగుతుంది.

పోలీసు ఆపితే ఏం చెయ్యాలి?

మన దగ్గర బండి పక్కకు పెట్టి, దిగి, సారు దగ్గరికి వెళ్ళి కాగితాలు చూపించడం మర్యాద. అమెరికాలో ఆ పని పొరపాటున కూడా చెయ్యొద్దు. వెనక లైట్లు వెలగగానే కుడివైపు సురక్షితంగా ఆపి, ఇంజను కట్టేసి, కారులోనే కూర్చోండి. అద్దం దించి రెండు చేతులూ స్టీరింగు మీద కనిపించేలా ఉంచండి. లైసెన్సు అడిగినప్పుడు "పర్సు వెనక జేబులో ఉంది, తీస్తున్నాను" అని చెప్పి తీయండి. డబ్బుతో సర్దుబాటు మాట నోట రానీయకండి, అది వేరే నేరం. టికెట్టు తప్పనిపిస్తే కోర్టులో వాదించుకోవచ్చు, రోడ్డు మీద కాదు.

కుడి, ఎడమ కలగాపులగం కాకుండా ఉండాలంటే?

డ్రైవరు సీటు ఎప్పుడూ రోడ్డు మధ్య గీత వైపే ఉండాలి. ఈ ఒక్క ముక్క గుర్తుంటే చాలు. ఎక్కువమంది తప్పు దారిలోకి వెళ్ళేది రద్దీలో కాదు, తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీదికి మలుపు తిరిగినప్పుడు. ముందు బండి ఉంటే దాని వెనకే వెళ్తాం, లేనప్పుడే పాత అలవాటు తన్నుకొస్తుంది. ఇంకో తమాషా ఏమిటంటే, మన మారుతి, హ్యుందాయ్ కార్లలో ఇండికేటర్ కాడ స్టీరింగుకు కుడివైపు ఉంటుంది. అమెరికాలోనూ ఐరోపాలోనూ ఎడమవైపు. మొదటి వారం మలుపు దగ్గరికి రాగానే వైపర్లు ఊగుతాయి. కంగారు పడొద్దు, అందరికీ ఊగుతాయి.

ఎడమవైపు నడపడం బ్రిటిష్ వాళ్ళు ఏలిన దేశాల్లోనే అనుకుంటారు గానీ జపాన్, థాయిలాండ్ కూడా ఎడమే. స్వీడన్ 1967 సెప్టెంబరు 3న దేశం మొత్తం ఒకేసారి ఎడమ నుంచి కుడికి మారింది. సమోవా 2009లో కుడి నుంచి ఎడమకు వచ్చింది.

బ్రిటన్‌లో కూడా ఎడమే కదా, అక్కడ మనకు సులభమేనా?

వైపు మాత్రమే మనది. అక్కడ నివాసం ఉన్నవారు మన లైసెన్సుతో 12 నెలలు నడపొచ్చు. ఆ తర్వాత మన లైసెన్సును నేరుగా మార్చరు, మొదటి నుంచి రావాల్సిందే: ప్రొవిజనల్ లైసెన్సు (మన లెర్నింగ్ లైసెన్సు లాంటిది), థియరీ, ప్రాక్టికల్. థియరీలో 50 ప్రశ్నలకు 43 సరిగ్గా రాయాలి. తర్వాత వీడియోలు చూపిస్తూ, రోడ్డు మీద ప్రమాదం పుట్టే క్షణాన్ని పసిగట్టి నొక్కమంటారు. అందులో 75కు 44 రావాలి. మన కుర్రాళ్ళు మొదటి భాగం కంఠతా పట్టి గట్టెక్కి రెండో దాంట్లో దెబ్బతింటారు. ప్రాక్టికల్ స్లాట్ కోసం నెలల తరబడి ఎదురుచూడాల్సి వస్తోంది కాబట్టి దిగగానే పని మొదలుపెట్టండి. ఆటోమేటిక్ కారు మీద పాసైతే గేరు కారు నడపడానికి వీల్లేదు.

ఇరవై ఏళ్ళు హైదరాబాద్‌లో నడిపినవారే ప్రాక్టికల్‌లో ఎక్కువగా ఫెయిలవుతారని అక్కడి మనవాళ్ళ మాట, నేనూ నమ్ముతాను. అద్దాలు చూడకుండా లేను మారడం, ఒంటిచేత్తో స్టీరింగు తిప్పడం, రౌండబౌట్ దగ్గర కుడివైపు నుంచి వచ్చేవారికి దారివ్వకుండా దూరడం... ఇవన్నీ మనకు నడపడం వచ్చనడానికి గుర్తులు. పరీక్షకుడికి తప్పులు. చిన్న తప్పులు 15 వరకు ఊరుకుంటారు, పెద్దది ఒక్కటున్నా ఇంటికే.

హెడ్‌లైట్ కొట్టడం సంగతి కూడా చెప్పాలి. మన దగ్గర ఎదుటివాడు లైటు కొట్టాడంటే 'నేనొస్తున్నా, ఆగు' అని. అక్కడ చాలామంది 'మీరు వెళ్ళండి' అనే అర్థంలో కొడతారు. ఇద్దరి అర్థాలూ ఢీకొంటే ఏమవుతుందో ఊహించుకోండి. హారను విషయంలో చట్టమే ఉంది: ఊళ్ళో రాత్రి 11:30 నుంచి పొద్దున 7 వరకు కొట్టకూడదు, ఆగి ఉన్న బండిలోంచి అసలే కొట్టకూడదు. ఫోన్ చేత్తో పట్టుకుంటే 200 పౌండ్లు, 6 పాయింట్లు. కొత్తగా పాసైన రెండేళ్ళలో 6 పాయింట్లు పడ్డాయంటే లైసెన్సు రద్దు, మళ్ళీ ప్రొవిజనల్ నుంచి మొదలు.

జర్మనీలో స్పీడు లిమిట్ లేదంటారు, నిజమేనా?

ఆటోబాన్ మీద లిమిట్ బోర్డు లేని భాగాల్లో నిజమే. అక్కడ కూడా 130 కిలోమీటర్లు మించొద్దని సలహా ఉంది. పనులు జరిగేచోట, ఊళ్ళ దగ్గర బోర్డులుంటాయి, కెమెరాలుంటాయి. ఎడమ లేను ముందున్న బండిని దాటడానికే. కుడివైపు నుంచి ఓవర్‌టేక్ చెయ్యకూడదు. పెట్రోలు అయిపోయి ఆగినా జరిమానా పడొచ్చు, ముందే చూసుకోవాల్సింది కదా అంటారు.

అక్కడి నియమాల్లో నాకు బాగా నచ్చింది అంబులెన్సు దారి. ట్రాఫిక్ నెమ్మదించి ఆగిపోయే స్థితికి రాగానే ఎడమ చివరి లేను బండ్లన్నీ ఎడమకు, మిగతా లేన్ల బండ్లన్నీ కుడికి జరుగుతాయి, మధ్యలో దారి తెరుచుకుంటుంది. సైరను వినిపించాక కాదు, ముందే. ఆ దారి వదలనివారికి కనీసం 200 యూరోలు జరిమానా, నెల రోజులు డ్రైవింగ్ నిషేధం. ఊళ్ళో మాత్రం సిగ్నలూ బోర్డూ లేని కూడలిలో కుడివైపు సందులోంచి వచ్చే బండికి దారివ్వాలి. మీరు పెద్ద రోడ్డు మీద ఉన్నా సరే.

నివాసం మొదలైన 6 నెలల తర్వాత జర్మన్ లైసెన్సు కావాలి. మన లైసెన్సు ఉన్నవారు థియరీ, ప్రాక్టికల్ రెండూ రాయాలి, కానీ డ్రైవింగ్ స్కూల్లో తప్పనిసరి గంటలు పూర్తిచెయ్యక్కర్లేదు. కంటి పరీక్ష, ప్రథమ చికిత్స శిక్షణ ఉంటాయి. థియరీ ఇంగ్లిషులో రాయొచ్చు, ప్రాక్టికల్‌లో చెప్పేదంతా జర్మన్‌లోనే.

గల్ఫ్‌కు డ్రైవర్ పని మీద వెళ్తున్నాను. ఇక్కడి హెవీ లైసెన్సు సరిపోతుందా?

సరిపోదు. ఏజెంటు ఏం చెప్పినా, అక్కడ పనిచెయ్యాలంటే ఆ దేశపు లైసెన్సు ఉండాల్సిందే. యూఏఈలో నేరుగా మార్చుకునే దేశాల జాబితాలో మనం లేము. శిక్షణ, టెస్టులు ఉంటాయి. అనుభవం ఉన్నవారికి క్లాసులు లేకుండా ఒకే ఒక్కసారి టెస్టు రాసే 'గోల్డెన్ చాన్స్' దుబాయ్‌లో 2023లో వచ్చింది. అందులో ఫెయిలైతే మామూలు దారే. దుబాయ్ చూడటానికి వెళ్ళినవారి సంగతి వేరు, మన లైసెన్సు, ఐడీపీ ఉంటే అద్దె కారు నడపొచ్చు.

వెళ్ళేముందు కాంట్రాక్టులో మూడు సంగతులు చదవండి: లైసెన్సు ఖర్చు ఎవరిది, టెస్టు పాసయ్యేవరకు జీతం ఇస్తారా, చలానాలు ఎవరి జీతంలోంచి కోస్తారు. నోటిమాటను నమ్మి వెళ్ళి మొదటి నెలల జీతం జరిమానాలకే పోగొట్టుకున్నవారు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. ఏజెంటు కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో నమోదై ఉన్నాడో లేదో చూసుకోండి. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ అనే ప్రభుత్వ సంస్థలు ఇందుకోసమే ఉన్నాయి.

యూఏఈలో జరిమానాతో పాటు బ్లాక్ పాయింట్లు పడతాయి, 24కు చేరితే లైసెన్సు నిలిపేస్తారు. దుబాయ్‌లో ఎర్ర లైటు దాటితే 1,000 దిర్హాములు, 12 పాయింట్లు, 30 రోజులు బండి జప్తు. అంటే రెండుసార్లు దాటితే పని పోయినట్టే. దుబాయ్‌లో బోర్డు మీద రాసిన వేగానికి పైన 20 కిలోమీటర్ల వెసులుబాటు ఉంది. అబుదాబిలో దాన్ని 2018లోనే తీసేశారు. దుబాయ్ అలవాటుతో అబుదాబి వెళ్ళినవారికి ఫోన్‌లో మెసేజీలు టపటపా వస్తాయి.

ఒక్క బీరు తాగి నడపొచ్చా?

మన దగ్గర 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ వరకే పరిమితి, జపాన్‌లోనూ అంతే. ఇంగ్లండ్‌లో 80, స్కాట్లాండ్‌లో 50. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో 80, యూటాలో 50. జర్మనీ, ఆస్ట్రేలియాల్లో 50, అదీ కొత్త డ్రైవర్లకు సున్నా. నార్వే, స్వీడన్‌లలో 20. గల్ఫ్‌లో, వియత్నాంలో చుక్క కూడా కుదరదు. అమెరికాలో తాగి దొరికితే జరిమానాతో తేలదు, వీసా రద్దయిన మన విద్యార్థులున్నారు. క్యాబ్ పిలవండి.

పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకోవచ్చా?

కింది దేశాల్లో ఎక్కడా కుదరదు. బ్రిటన్‌లో 12 ఏళ్ళు లేదా 135 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేవరకు, జర్మనీలో 12 ఏళ్ళు లేదా 150 సెంటీమీటర్ల వరకు చైల్డ్ సీటు ఉండాలి. కాలిఫోర్నియాలో 8 ఏళ్ళలోపు పిల్లలు వెనక సీట్లో, చైల్డ్ సీటులోనే. యూఏఈలో 10 ఏళ్ళు, 145 సెంటీమీటర్లు వచ్చేదాకా ముందు సీటు లేదు. పురుడు పొయ్యడానికి వెళ్ళే అమ్మమ్మలకు ఇది ముందే చెప్పి ఉంచండి. బిడ్డ ఏడుస్తోందని నడుస్తున్న కారులో బెల్టు విప్పి తీసేది వాళ్ళే. ఏడిస్తే కారు ఆపాలి.

ఫుకెట్‌లో స్కూటీ అద్దెకు తీసుకోవచ్చా?

మీ లైసెన్సులో, ఐడీపీలో మోటారు సైకిల్ తరగతి ఉంటేనే. కారు లైసెన్సు మాత్రమే ఉండి స్కూటీ మీద పడి కాలు విరిగితే ట్రావెల్ ఇన్సూరెన్సు వాళ్ళు క్లెయిము తోసిపుచ్చుతారు. హెల్మెట్ ఉండాలి. బండికి తాకట్టుగా పాస్‌పోర్టు ఇవ్వకండి, గీతలు పడ్డాయంటూ బేరం పెడతారు.

సొంత కారులో నేపాల్, భూటాన్ వెళ్ళొచ్చా?

వెళ్ళొచ్చు, రెండు చోట్లా మన లైసెన్సు చాలు. నేపాల్ సరిహద్దులో భన్సార్ అనే కస్టమ్స్ పర్మిట్ తీసుకుని రోజుల లెక్కన రుసుము కట్టాలి. అసలు ఆర్‌సీ వెంట ఉండాలి. భూటాన్‌కు సరిహద్దు ఊరు ఫుంత్షోలింగ్‌లో వాహన పర్మిట్ తీసుకోవాలి. థింఫూలో సిగ్నల్ లైట్లే లేవు. కూడలి మధ్య బొమ్మరిల్లులాంటి గూటిలో నిలబడి పోలీసు చేతులతో దారి చూపిస్తాడు, బండ్లు చెప్పినట్టు ఆగుతాయి.

అద్దె కారు మీద చలానా వస్తే తిరిగొచ్చాక కట్టకపోయినా పర్లేదా?

కారు అద్దెకు తీసుకున్నప్పుడు మీ క్రెడిట్ కార్డు వివరాలు వాళ్ళ దగ్గరే ఉంటాయి. ఇటలీ దీనికి పేరు మోసింది. ఫ్లోరెన్స్, రోమ్ లాంటి ఊళ్ళ పాత బస్తీల్లో అనుమతి లేని బండ్లు రాకూడని ప్రాంతాలుంటాయి, గుమ్మంలో కెమెరా ఉంటుంది. జీపీఎస్ చెప్పింది కదా అని వెళ్తే నెలల తర్వాత ఇంటికి నోటీసు వస్తుంది. మీ వివరాలు పోలీసులకు ఇచ్చినందుకు అద్దె కంపెనీ తన రుసుము ముందే లాగేస్తుంది.

ఇంతకంటే గట్టి దేశం ఫిన్లాండ్. అక్కడ పెద్ద ఉల్లంఘనలకు జరిమానా ఆదాయాన్ని బట్టి వేస్తారు. 50 ఉన్నచోట 82 కిలోమీటర్ల వేగంతో వెళ్ళిన ఒక సంపన్నుడికి 2023లో 1,21,000 యూరోలు పడింది.

విదేశంలో ఉండగా ఇండియన్ లైసెన్సు గడువు ముగిస్తే?

గడువు ముగిసిన ఏడాదిలోపు అయితే మామూలు రెన్యువల్. ఏడాది దాటితే మళ్ళీ డ్రైవింగ్ టెస్టు. కాబట్టి సెలవుకు వచ్చినప్పుడు తేదీ చూసుకోండి. గడువుకు ఏడాది ముందు నుంచే రెన్యువల్‌కు అవకాశం ఉంది. ఐడీపీ గడువు విదేశంలో ముగిస్తే భారత రాయబార కార్యాలయం ద్వారా దరఖాస్తు చేసుకునే వీలు 2021 నుంచి ఉంది. 40 ఏళ్ళు దాటినవారికి ఇక్కడి రెన్యువల్‌లో డాక్టరు సర్టిఫికెట్, ఫారం 1ఎ అడుగుతారు. దాన్ని ఆర్టీఏ స్లాట్‌కు ముందు రోజే చేయించి పెట్టుకుంటే సెలవులో ఒక పూట మిగులుతుంది.